వాటాదారుల అటకలు

మిల్లు ఇవాళ కూడా మధ్యాహ్నానికే ఆగిపోయింది. చెడిపోయి కాదు, కాయలు లేక. కొత్తపేట చుట్టూ ఎటు చూసినా కొబ్బరి చెట్లే, మా కంపెనీ వాటాదారులంతా కొబ్బరి రైతులే. అయినా మా నూనె మిల్లుకి కాయలు లేవు. ఈ మాట బ్యాంకు మేనేజరుకి ఫోన్లో చెప్పడానికి నాకు సిగ్గేసింది. నెలాఖరుకి వాయిదా కట్టకపోతే మిల్లుకి తాళం వెయ్యక తప్పదని ఆయన మర్యాదగానే చెప్పారు.

రెండేళ్ల కిందట, కూడిన లాభం పంచేసుకుందామని వాటాదారులు కొందరు అన్నారు. కంపెనీ మేనేజరుగా నేను వద్దన్నాను. ఆ డబ్బుకి బ్యాంకు అప్పు కలిపి మిల్లు పెడదాం, వడ్డీ కంటే మిల్లు సంపాదన ఎక్కువుంటే ఆ మిగులంతా మీ వాటాల విలువ పెంచుతుందని గొంతు పోయేలా చెప్పాను. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఛైర్మన్ బుచ్చిరాజు గారు. ఆ లెక్కలో ఇప్పటికీ తప్పు లేదు. కాయలు వాటంతటవే వస్తాయనుకున్నాం, అక్కడే పప్పులో కాలేశాం.

ధర పెరుగుతుందని ఆశ పుడితే చాలు, మా వైపు రైతు దింపిన కాయని అటకెక్కిస్తాడు. లోపల నీరింకి, కొబ్బరి ఎండి కురిడీ అయ్యేదాకా ఏడాదైనా కదపడు. కురిడీకి బయటి వ్యాపారి మంచి ధర ఇస్తాడు. మా మిల్లు తీసేది పచ్చి కొబ్బరి నూనె, దానికి కావలసింది పచ్చి కాయ.

సాయంత్రం ఓపిక కూడదీసుకుని బుచ్చిరాజు గారింటికి వెళ్లాను. కాఫీ ఇప్పించారు. నెత్తిమీద అటక కాయల బరువుకి కిందికి వంగి ఉంది. ఈసారి దింపిన కాయలైనా మిల్లుకి పంపమని బతిమాలాను. ఛైర్మన్ పంపితే మిగతావాళ్లూ పంపుతారన్నాను. మిల్లు పోతే మీ వాటా కూడా పోతుందన్నాను.

"ఆయ్, పోద్దండి," అన్నారాయన నెమ్మదిగా. "మిల్లుకి లాభమొస్తే నాలుగొందల మందికి పంచాలండి. అటక మీద కాయకి ధరొస్తే నాకొక్కడికేనండి. నా చోట్లో మీరుంటే ఏం చేస్తారండీ?"

కోపం రావలసింది. రాలేదు, అంతగా అలిసిపోయాను. ఆయన చోట్లో ఉంటే నేనూ అటకే ఎక్కించేవాణ్ణని తెలుస్తూనే ఉంది. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను.

ఆయన గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మిల్లు మాత్రం పోనివ్వకండి మేనేజరు గారూ. అది మా అందరి ఆస్తండి."

మొహమాటానికి అన్న మాట కాదది, మనస్ఫూర్తిగానే అన్నారు. నాకు నిలబడే ఓపిక కూడా పోయింది.