పిలుపో, అరుపో

ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్ళు నర్సుగా చేసి దిగిపోయాక ఆవిడకి అక్కడ మిగిలిన పేరు ఒక్కటే, ఇంకొంచెం సిస్టరు. నొప్పులు పడే ప్రతి మనిషికీ ఆవిడ చెప్పే మాట అది. "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం, అయిపోవచ్చింది." అరగంట పట్టే కాన్పుకీ అదే మాట, పూటంతా పట్టే కాన్పుకీ అదే మాట. అబద్ధమని ఆవిడకీ తెలుసు, మంచం మీదున్నవాళ్ళకీ తెలుసు. నూతిలో పడ్డవాళ్ళకి తాడు పొడుగెంతో చెప్పరు, పట్టుకోమంటారు, అనేది ఆవిడ. చివరి రోజున తోటివాళ్ళు ఒక గోడగడియారం చేతిలో పెట్టి, "ఇంకొంచెం ఉండకూడదా సిస్టర్?" అని ఆటపట్టించారు. అందరితోపాటు తనూ నవ్వింది. ఇంటికొచ్చి తెల్లచెప్పులు విప్పి, వాటిని ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది.

అది జరిగి రెండేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురికి నెలలు నిండాయి. ఆ కాన్పుగదిలో తను ఉంటుందన్నది ఆవిడకి కోరికలా కూడా అనిపించలేదు. తెల్లారితే వెలుగొస్తుందని ఎవరూ కోరుకోరు కదా, అలాంటి సంగతి అది.

ఆ మధ్యాహ్నం అందరూ పెద్దకూతురి ఇంట్లో కలిశారు. పెద్దది బట్టలు కుడుతుంది. వీధిలోకి తెరుచుకునే ముందుగదిలోనే రెండు మిషన్లు, గోడకి వేలాడుతున్న కొలతల టేపు, నేలంతా దారం ముక్కలు. చెల్లెలికి ముందువైపు తాళ్ళు కట్టుకునే వదులు గౌను కుడుతోంది. చిన్నది ఎత్తు ముక్కాలిపీట మీద నడుముకి చెయ్యి ఆన్చుకుని కూర్చుంది. చిన్నదాని ఆడపడుచు, బళ్ళో పాఠాలు చెప్పే మనిషి, బిగువైపోయిన బట్టల కుట్లు విప్పించుకోవడానికని సంచీతో వచ్చి, పని చెప్పేసి కూడా కబుర్లకి ఉండిపోయింది.

"నాకు రెండూ కోతలే," అంటోంది టీచరు. "కన్నానని చెప్పుకోవడానికి నోరు రాదు నాకు. మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, 'మా కోడలు కనలేదమ్మా, తీయించుకుంది' అని. పిప్పిపన్ను తీయించుకున్నట్టు."

"వదినా, నవ్వించకు, కింద బరువుగా ఉంది నాకు," అంది చిన్నది.

"నిజమే మరదలా. తెలివొచ్చేసరికి పక్కన ఎవరినో పడుకోబెట్టి మీవాడే అన్నారు. నమ్మక ఏం చేస్తాను? నొప్పి పడనందుకు బాధపడే మనిషిని ఎక్కడైనా చూశావా? నేనున్నాను. ఇన్నేళ్ళయినా ఏదో పరీక్ష రాయకుండా పాసైనట్టే ఉంటుంది."

"మీ బాధ నాకిచ్చి నాది మీరు తీసుకోండి వదినగారూ," అంది పెద్దది తలెత్తకుండా. "కొలతలు అటూ ఇటూ అయినా నేను సరిచేస్తాను."

టీచరు నవ్వింది. తల్లి మాత్రం ఆ మాటలో పుల్లవిరుపు ఉందో లేదో పట్టించుకోలేదు. పెద్దకూతురి కాన్పు ఆవిడకి గర్వం. ఎవరైనా కదిపితే చాలు, ఆ కథ నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

"దీని సంగతి చెప్పాలి నీకు," అంది టీచరుతో. "పందొమ్మిది గంటలు పడింది. సూది లేదు, కోత లేదు. పెద్ద డాక్టరు రెండుసార్లొచ్చి ఆపరేషన్ చేసేద్దామా అంది. నా కూతురండీ, కంటుంది, అన్నాను. కంది. అసలు తమాషా అది కాదు. చివరాఖరికి ఒళ్ళు తెలీక నన్ను ఏమని పిలిచిందనుకున్నావు? సిస్టర్! కన్నతల్లిని పట్టుకుని సిస్టర్ అంది! వార్డంతా ఒకటే నవ్వు. తొమ్మిదేళ్ళయినా చెప్పుకుంటారు."

టీచరు పడీపడీ నవ్వింది. చిన్నది నవ్వలేదు. మిషను ఆగింది. పెద్దది పళ్ళతో దారం కొరికి, అంచు తిరగేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

చిన్నది సంచీలోంచి ఒక కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రివాళ్ళిచ్చిన ఫారం. చిన్నదానిదీ మామూలు కాన్పే కావాలన్న పట్టుదల. మూడు నెలలుగా ఊపిరి పీల్చే పద్ధతి నేర్చుకుంటోంది, నొప్పి తెలియకుండా ఇచ్చే సూది సైతం వద్దంటోంది. ఫారంలో అదంతా గుర్తులు పెట్టింది. చివర ఒక్క గడి ఖాళీగా ఉంది. కాన్పుగదిలో తోడు ఉండేవారు, ఒక్కరు మాత్రమే.

"మా తమ్ముడి పేరు మాత్రం రాయకు," అంది టీచరు. "వేలు తెగితే కళ్ళు తిరిగి పడతాడు. వాడికింకో మంచం వెయ్యాలి."

"ఇందులో ఆలోచించేదేముంది?" ఆవిడ చెయ్యి చాచింది. "ఇలా తే, నేను నింపుతాను. నువ్వు రాస్తే వాళ్ళకి అర్థం కాదు."

చిన్నది కాగితం ఇవ్వలేదు. "అక్క వస్తానంది," అంది నెమ్మదిగా.

ఆవిడకి మొదట అది వేళాకోళమనిపించింది. "అక్కా? మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలే, దీనికి పిల్లి పిల్లల్ని పెడితే చూడటానికి భయం. దీనికేం తెలుసు? ఒక్కసారి కంది. నేను వందలమందికి పురుడు పోశాను."

"పోశావు," అంది పెద్దది. "కాదనలేదు."

"మరి?"

పెద్దది మిషను మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే ఆ చేతులు ఖాళీగా ఉండటం చూసి ఆవిడకి ఎందుకో భయం వేసింది.

"పాప పుట్టిన రోజున నేనేమని అరిచానో గుర్తుందా?"

"అందరూ అరిచేదే. అమ్మా అని."

"అందరూ అరిచారు. నేను పిలిచాను."

టీచరు సంచీ సర్దుకోబోయి, లేచి వెళ్ళడం ఇంకా ఇబ్బందనిపించి, అలాగే ఉండిపోయింది.

"ఆ గదిలో మూడు మంచాలు," అంది పెద్దది. గొంతు పెంచలేదు, చొక్కా చేతుల కొలత చెబుతున్నట్టే ఉంది. "మిగతా ఇద్దరి అమ్మలూ బయట బెంచీ మీదున్నారు. నా అమ్మ నా ఎదురుగా ఉంది. కాళ్ళవైపు. నాకు నీ ముఖం కనపడలేదు, వంచిన తల, పాపిడి కనపడింది. అమ్మా అన్నాను. ఇంకొంచెం అన్నావు. మళ్ళీ అన్నాను. ఇంకొంచెం అన్నావు. ఎన్నిసార్లో తెలీదు. చివరికి సిస్టర్ అన్నాను. వెంటనే తలెత్తి, ఏంటమ్మా అన్నావు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఒళ్ళు తెలీక అనలేదు," అంది పెద్దది. "తెలిసే అన్నాను. ఎలా పిలిస్తే పలుకుతావో తెలిసే."

"ఏం కావాలని పిలిచావే?" ఆవిడ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సూది కావాలనా? ఆపరేషన్ చేసెయ్యమనా? అడిగితే చేయించేదాన్ని కదా."

"అదేం కాదు. తలవైపుకి రమ్మందామని. అంతే."

అంతే అన్న మాట అంత చిన్నగా ఉండకపోతే బాగుండునని ఆవిడకి అనిపించింది. పెద్ద నేరమైతే వాదించవచ్చు. ఆ పూట వార్డులో ఇద్దరే నర్సులని, పక్క మంచంలో బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పవచ్చు. తలవైపుకి నాలుగడుగులు. నాలుగడుగులకి ఏ సాకు చెబుతుంది?

"తొమ్మిదేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయినప్పుడల్లా నువ్వు ఆ తమాషా చెబుతుంటావు. అందరూ నవ్వుతుంటారు." పెద్దది గౌను మళ్ళీ అందుకుంది. "అయినా కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎందుకులే అనుకున్నాను. ఇప్పుడు దీని వంతు వచ్చింది, అందుకని చెప్పాను."

ఆవిడ చిన్నదాని వైపు చూసింది. చిన్నది నేల చూపులు చూస్తోంది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారన్నమాట. మంత్రసాని దగ్గర మర్మం దాగదంటారు. ఇన్నేళ్ళూ తన కంటిముందే దాగింది.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. పాప పుట్టాక పెద్దది తనని 'అమ్మా' అని పిలిచి ఎరగదు. 'అమ్మమ్మా' అంటుంది. పిల్లలు పుట్టాక అందరి ఇళ్ళలోనూ వరసలు అలాగే మారతాయి కాబట్టి ఆవిడ ముచ్చటపడింది తప్ప, ఆ మాట వెనక ఇంకో మాట మూసుకుపోయిందని తోచలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో 'అమ్మా' అన్న ప్రతి కేకకీ ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగేది. అప్పటికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కూడా కాలేదు. ముసలి నర్సు ఒకావిడ నవ్వి, "నిన్ను కాదే పిచ్చిమొహమా. వాళ్ళమ్మని కూడా కాదు. నొప్పికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు అది," అని చెప్పింది. ఆ మాట ఆవిడకి ఎంత పనికొచ్చిందో! ఏడాదికల్లా చెవి మడమలా కాయ కాచింది. కాయ కాయకపోతే ఆ గదిలో పని చెయ్యలేరు. కూతురు నొప్పులతో వచ్చిన రోజున గుమ్మంలో ఆవిడ తనకి తాను చెప్పుకుంది కూడా, లోపల నేను తల్లినైతే చెయ్యి వణుకుతుంది, సిస్టర్‌నే అవుతాను అని. చెయ్యి వణకలేదు. బిడ్డ క్షేమంగా వచ్చింది. అంతా సరిగ్గానే చేసింది. చేసినదాంట్లో ఎక్కడ వెతికినా తప్పు దొరకదు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అలాగే చేస్తుందేమోనన్న అనుమానం ఒక్కటే ఆవిడని నిలవనివ్వలేదు.

"ఇటివ్వు," అంది చిన్నదానితో. ఈసారి చిన్నది ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టర్లు రాసిన గుండ్రటి చేతిరాతతో ఖాళీ గడిలో పెద్దకూతురి పేరు రాసింది. పక్కన బంధుత్వం అని ఉంది. 'అక్క' అని రాసి, సిరా ఆరాక మడిచి ఇచ్చింది.

"తాళ్ళు ఎంత పొడుగు పెట్టనే?" అంది పెద్దది చెల్లెలితో.

పన్నెండు రోజుల తర్వాత, ఒక పొద్దున, చిన్నదానికి నొప్పులు మొదలయ్యాయి.

తను పనిచేసిన ఆసుపత్రిలోనే, కాన్పుగది బయట బెంచీ మీద ఆవిడ కూర్చుంది. అల్లుడు పక్కన కాసేపు కూర్చుని, కాసేపు తిరిగి, చివరికి గాలి కోసం మెట్ల దగ్గరికి పోయాడు. తలుపుకి ఇవతలివైపు ఇంతసేపు ఉండటం ఆవిడకి ఇదే మొదలు. లోపలున్నప్పుడు ఈ తలుపు ఇంత మందంగా ఉంటుందని తెలియలేదు. మాటలు రావు, కేకలే వస్తాయి, అవీ అంచులు అరిగి వస్తాయి.

"అమ్మా!"

లేచి నిలబడింది. తన కూతురిదో, ఇంకెవరిదో తెలియలేదు. కూర్చుంది.

"అమ్మా... అమ్మా!"

మళ్ళీ లేచింది. బెంచీ చివరన ఒక ముసలామె కూడా లేచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఇద్దరూ కూర్చున్నారు.

"మీ అమ్మాయేనా?" అంది ముసలామె.

"తెలీటం లేదండి."

"నాకూనూ. కన్నదాన్ని, గొంతు పోల్చుకోలేకపోతున్నాను చూడండి."

ముప్ఫై రెండేళ్ళు ఈ బెంచీ మీద ఇలాంటి ఆడవాళ్ళు కూర్చున్నారు. తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడితే, "కూర్చోండమ్మా, కంగారెందుకు? పిలుస్తాంగా," అని కసిరేది. ఇంకా ఎంతసేపండీ అంటే వాళ్ళకీ అదే జవాబు, ఇంకొంచెం. మధ్యాహ్నం దాకా ఆవిడ ఎన్నిసార్లు లేచిందో లెక్క లేదు. మోకాళ్ళు నొప్పెట్టాయి. ఒకసారి తలుపు కొద్దిగా తెరుచుకున్నప్పుడు చిన్నపిల్ల నర్సు ఒకతె తల బయటపెట్టి, "ఇంకొంచెం సేపండీ," అంది. ఆవిడ, "ఇంకొంచెం అంటే ఎంత?" అని అడిగింది. ఆ అమ్మాయి తెల్లబోయి తలుపు వేసుకుంది.

రెండున్నరకి పెద్దది బయటికొచ్చింది. జుట్టు చెదిరి, ఒంటిమీది బట్టలు నలిగి ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద నాలుగు గోళ్ళ గుర్తులు ఎర్రగా దిగి ఉన్నాయి.

"అమ్మమ్మా, ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు."

ఆవిడ తల ఊపింది. బరువెంత, మాయ పూర్తిగా వచ్చిందా, రక్తం ఎంత పోయింది, ఇలాంటివన్నీ నోటి చివరన ఉన్నాయి. అవేవీ రాలేదు.

"నన్ను పిలిచిందా?"

పెద్దది బెంచీ మీద కూలబడి, మణికట్టు రుద్దుకుంటూ ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి అది మంచి సమయం. పెద్దది అబద్ధం చెప్పలేదు.

"అమ్మా అని చాలాసార్లు అంది. నిన్ను పిలిచిందో, నొప్పికి అరిచిందో నాకు తెలీలేదు."

"నీకూ తెలీలేదా?" అంది ఆవిడ. గొంతులో చిన్న ఆశలాంటిది కదిలింది. ఎవరికైనా తెలియదేమో, తెలిసే వీలే లేదేమో.

"తెలీలేదు," అంది పెద్దది. "అందుకని అన్నిటికీ పలికాను."