కుడిచేతి గుంట

ఆ కామెంట్‌ను మానస కంటే ముందు ఆదిలక్ష్మే చూసింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇంగ్లండులోని స్విండన్‌లో, మానస వాళ్ల ఇంటి వెనక అద్దాల గదిలో లైవ్ మొదలవుతుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, నెత్తిమీద గుండ్రటి లైటు, స్టాండుకు బిగించిన ఫోను. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు, కంకణాలు, ఉంగరాలు ఒక్కొక్కటే తొడుక్కుని చూపించేది ఆదిలక్ష్మి. ముఖం కనిపించదు. గొంతు వినిపిస్తుంది, మోచేతుల దాకా చేతులు కనిపిస్తాయి. ఇటు లండన్ నుంచి అటు గ్లాస్గో దాకా తెలుగు ఆడవాళ్లు చూస్తూ, కావలసినవి అడుగుతూ ఉంటారు.

"నగలు బాగున్నాయి ఆంటీ, కానీ ఆ చేతుల మీద చూస్తే కొనబుద్ధి కావట్లేదు. ఎవరైనా చిన్నవాళ్లకు వేసి చూపించండి" అని ఉంది కామెంట్. దాని కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు.

మానస గబుక్కున తీసేసింది. ఆదిలక్ష్మి మాత్రం చేతిలో ఉన్న కంకణం తిప్పి చూపిస్తూ, "దీనికి మర బిగువుగా ఉంటాది, జారదు" అని అదే గొంతుతో చెప్పుకుంటూ పోయింది. మిగిలిన గంటన్నరా గొంతు ఎక్కడా తడబడలేదు.

లైవ్ అయిపోయాక పెట్టెలు సర్దుతుంటే మానస నెమ్మదిగా అంది. "ఆంటీ, మీరేమీ అనుకోనంటే ఒక మాట. వచ్చే వారం గాజులు నేను తొడుక్కుంటాను, మీరు పక్కన కూర్చుని మాట్లాడండి. నగల గురించి మీకు తెలిసినట్టు నాకు తెలీదు కదా!"

మానసది గుంటూరు. వయసు ముప్పై మూడు. మంచి పిల్ల, నొప్పించాలని అన్న మాట కాదు. అది ఆదిలక్ష్మికీ తెలుసు.

"సరే పాప. నీ చేతులతోనే కానీ. ఎన్నాళ్లో కాదు, నా చేతులు నేను బాగు చేసుకునేదాకా."

"బాగు చేసుకోవడమేంటండీ?"

"చూస్తావుండు" అంది ఆదిలక్ష్మి.

ఆమెకు యాభై ఏడేళ్లు. పుట్టింది ప్రొద్దుటూరులో, నగల దుకాణాల వీధికి రెండు సందుల అవతల. స్విండన్ వచ్చాక పదిహేడేళ్లు ఒక ప్రైమరీ స్కూలు వంటింట్లో పనిచేసింది. పెద్దపెద్ద ట్రేలు మరిగే నీళ్లలో కడగడం, ఘాటు సబ్బులు, ఆ తడిచేతులతోనే చలిలోకి వచ్చి బస్సు కోసం నిలబడడం. చేతుల వైపు చూసుకునే తీరిక ఏనాడూ దొరకలేదు. ఇప్పుడు ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని చూసుకుంది. వేళ్ల కణుపుల దగ్గర నల్లబారిన చర్మం, పగుళ్లు, వెనకవైపు గోధుమరంగు మచ్చలు, తాళ్లలా తేలిన నరాలు. ఆ కామెంట్ పెట్టిన మనిషి అబద్ధమేమీ చెప్పలేదు. అదే ఎక్కువ మండించింది.

భర్త శేషగిరి ఇంట్లోంచే కంప్యూటర్ పని చేసుకునే మనిషి. విషయం విని తల పైకెత్తకుండానే, "వయసుకు తగిన చేతులే గదా. ఎవరో ఏదో అన్నారని ఇప్పుడు ఇదంతా ఎందుకు?" అన్నాడు.

"తలకు మీరు రంగేసుకునేది ఎవరన్నారని?"



మర్నాడే ఆదిలక్ష్మి మందుల షాపుకెళ్లి, కౌంటరు దగ్గరున్న ఫార్మసిస్టుకు రెండు చేతులూ చాపి చూపించింది. వాసన లేని సబ్బు, యూరియా కలిసిన క్రీము, పడుకునేముందు క్రీము రాసి తొడుక్కునే నూలు గ్లవ్స్, పగలు చేతుల వెనక రాసుకునే సన్‌స్క్రీన్ అని అతను చీటీ మీద రాసిచ్చాడు. మచ్చలు తగ్గాలంటే నెలలు పడుతుందన్నాడు. నెలలైతే నెలలే అనుకుంది. గిన్నెలు తోమినా, టమాటా మొక్కలకు మట్టి వేసినా గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టలేదు. కారు నడిపేటప్పుడు ఎండ చేతుల మీద పడుతుందని మబ్బు పట్టిన రోజు కూడా సన్‌స్క్రీన్ రాసుకుంది. శేషగిరి మొహం చిట్లిస్తే, పట్టించుకోకుండా గ్లవ్స్ తొడుక్కుని టీ తాగింది.

రెండు నెలలకు పగుళ్లు పూడుకున్నాయి. చర్మం మెత్తబడి, కొంచెం మెరుపు కూడా వచ్చింది. కానీ కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ కలిసే చోట వెనకవైపున గుంట మాత్రం పోలేదు. అక్కడ చర్మం లోపలికి దిగి, ఎముక అంచు కనిపిస్తోంది. ఏ క్రీముకూ లొంగలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే, వయసుతో చేతుల్లో కొవ్వు తగ్గిపోయి అలా అవుతుందనీ, ఫిల్లర్ అనే ఇంజెక్షన్‌తో నింపుతారనీ తెలిసింది.

సెలూన్ మీద గది అద్దెకు తీసుకుని సూదులు వేసేవాళ్లు చాలామంది కనిపించారు. ఆదిలక్ష్మి ఎవరినీ తొందరపడి నమ్మలేదు. ఫోన్ చేసి, "మీరు నర్సా? మీ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి, చూసుకుంటాను" అని అడిగింది. ఇద్దరు మాట మార్చారు. ఒకామె ఫోనే పెట్టేసింది. నాలుగో ఆమె, హెలెన్, ఇరవయ్యేళ్లు ఆసుపత్రిలో పనిచేసిన నర్సు. అడగ్గానే నంబరు చెప్పింది. ఆదిలక్ష్మి అది సరిచూసుకుని, జూలైలో ఒక గురువారం అపాయింట్‌మెంట్ పెట్టుకుంది.

హెలెన్ రెండు చేతులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టించింది. ఎడమచెయ్యి చూసింది. కుడిచెయ్యి చూసింది. మళ్లీ ఎడమచెయ్యి చూసింది.

"ఈ చెయ్యి ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"వయసు కదా" అంది ఆదిలక్ష్మి ఇంగ్లీషులో.

"వయసు రెండు చేతులకూ ఒకేసారి వస్తుంది" అంది హెలెన్. "చిటికెన వేలు తిమ్మిరెక్కుతుందా?"

ఎక్కుతుంది. ఉంగరపు వేలు కూడా సగం. బల్ల అంచున మోచేతులు ఆనించి గంటల తరబడి లైవ్ చేస్తుంది కాబట్టి అనుకుని ఊరుకుంది. ఈ మధ్య తాళంచెవి తిప్పడానికి ఎడమచెయ్యి వాడుతోంది. పప్పుడబ్బా రెండుసార్లు జారిపోయింది. అడిగేదాకా అవన్నీ ఒకటే విషయమని ఆమెకు తట్టలేదు.

హెలెన్ ఒక కాగితం తీసి, రెండు బొటనవేళ్లతోనూ చూపుడువేళ్ల పక్కకు నొక్కి పట్టుకోమంది. కాగితాన్ని తనవైపు లాగింది. ఎడమవైపు గట్టిగా ఆగింది. కుడి బొటనవేలు కొక్కెంలా వంగింది. అయినా కాగితం జారిపోయింది.

"నేను దీంట్లో ఫిల్లర్ వెయ్యను" అంది హెలెన్.

ఆదిలక్ష్మికి ఒళ్లు మండింది. రెండు నెలల శ్రమ, ఇంతమందిలో వెతుక్కుని రావడం, ఇప్పుడీ మాట. "డబ్బులిచ్చేది నేను, చెయ్యి నాది. ఎందుకు వెయ్యరు?"

"వేస్తే అందంగానే ఉంటుంది. ఆ తర్వాత ఈ గుంట ఎవరికీ కనిపించదు, మీకు కూడా. ఇక్కడ తగ్గింది కొవ్వు కాదు, కండ. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయి ఉంటుందని నా అనుమానం. చూడాల్సింది డాక్టరు. ఇలాగే వదిలేస్తే చెయ్యి పట్టు కోల్పోతుంది." హెలెన్ గొంతు మెత్తబడింది. "నేను ఉత్తరం రాసిస్తాను. వాళ్లు ఆగమంటే ఆగకండి."

ఇంటికి వెళ్లే దారిలో ఆదిలక్ష్మి కారును సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఆపి కాసేపు కూర్చుంది. కోపం తెచ్చుకోకుండా మానసకు చెప్పగలిగింది, శేషగిరి మాటకు జవాబివ్వగలిగింది. ఇప్పుడు మొదటిసారి భయమేసింది. ఈ కుడిచేత్తోనే అన్నం కలుపుకుంటుంది, సంతకం పెడుతుంది, తన జడ తానే అల్లుకుంటుంది. ఆ చెయ్యి తనకు చెప్పకుండా కరిగిపోతూ ఉంటే, తాను దానికి క్రీము రాస్తూ కూర్చుంది.

మర్నాడు ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి సర్జరీకి, అంటే తమ ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌కు, ఫోన్ చేసింది. క్యూలో ఇరవై మూడో నంబరు. నలభై నిమిషాల తర్వాత రిసెప్షనిస్టు మూడు వారాల తర్వాతకు అపాయింట్‌మెంట్ ఇస్తానంది.

"నా చేతిలో కండ కరిగిపోతా ఉంది. నర్సు రాసిచ్చిన ఉత్తరం నా చేతిలోనే ఉంది. చదువుతాను, రాసుకోండి" అని ఆదిలక్ష్మి ఇంగ్లీషులో పదం పదం చదివింది. రిసెప్షనిస్టు రాసుకుని, మంగళవారం రమ్మంది.

క్లినిక్‌లో డాక్టరు కూడా అదే కాగితం పరీక్ష చేసి, పెద్దాసుపత్రికి రాశాడు. నరాల పరీక్షలో చిన్నచిన్న షాకులు ఇచ్చి చూశారు. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని తేలింది. ఆపరేషన్ అన్నారు. తేదీ కోసం ఆదిలక్ష్మి వారానికోసారి ఫోన్ చేసింది. ఎవరైనా మానుకుంటే ఆ చోటు తనకివ్వమని, గంటలో బయల్దేరి వస్తానని చెప్పి పెట్టింది. అక్టోబరులో ఒక ఉదయం నిజంగానే పిలిచారు. శేషగిరి మీటింగ్ మధ్యలో వదిలేసి కారు తీశాడు.  ఆసుపత్రి గుమ్మం దగ్గర, "ఆదీ, నేను ఆరోజు అట్లా అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"మీరు అన్నారని నేను ఆగలేదు గదా. పోనీండి" అంది.

సర్జన్ ముందే చెప్పింది. "ఉన్న కండ పోకుండా ఆపగలం. పోయింది ఎంతవరకు తిరిగొస్తుందో మాట ఇవ్వలేను."

"మీ పని మీరు చేయండి. మిగతాది నేను చూసుకుంటాను" అంది ఆదిలక్ష్మి.

కుట్లు తీసిన రోజు నుంచి ఫిజియో నేర్పినవన్నీ మొదలుపెట్టింది. రబ్బరు బ్యాండు వేళ్లకు తగిలించి విప్పడం, మైనంలాంటి మెత్తటి ముద్దను చిటికెడు చిటికెడుగా గిల్లడం, బట్టల క్లిప్పులు ఒక్కొక్కటి తీసి తాడుకు పెట్టడం. మొదటి నెల క్లిప్పు తెరుచుకోనే లేదు. రెండో నెల తెరుచుకుని జారిపోయింది. ఒక్కోరోజు విసుగు పుట్టి ముద్దను గోడకేసి కొట్టేది. మళ్లీ తానే వెళ్లి తెచ్చుకునేది. మానస వారానికి రెండుసార్లు వచ్చి ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది. "ఆంటీ, ఇంకో పది" అంటే, "పదేంది, ఇరవై" అనేది.

ఇన్నాళ్లూ క్రీము మానలేదు, గ్లవ్స్ మానలేదు. చెయ్యి బాగుపడడం ఒకటీ, అందంగా కనిపించడం ఒకటీ అని ఆమె విడదీసి చూడలేదు. తనకు రెండూ కావాలి.

మే నెలకు గుంట సగం పూడింది. తాళంచెవి కుడిచేత్తో తిరిగింది. సర్జన్ తలాడించి, ఇంతకంటే ఎక్కువ ఆశించొద్దనీ, ఇక ఫిల్లర్ వేయించుకోవడానికి అభ్యంతరం లేదనీ చెప్పింది. వారం తిరక్కుండా ఆదిలక్ష్మి హెలెన్ ముందు చేతులు చాపింది. హెలెన్ ముందుగా కాగితం అందించి లాగింది. ఈసారి కాగితం చిరిగింది గాని జారలేదు. ఇద్దరూ నవ్వారు. తర్వాత హెలెన్ రెండు చేతులకూ కొద్దికొద్దిగా ఫిల్లర్ వేసింది. నాలుగు రోజులు వాచి, వాపు తీసింది. నరాలు లోపలికి తగ్గాయి. ఎముకల మధ్య పల్లాలు నిండాయి. ముప్పై ఏళ్ల చేతులేమీ కాలేదు. గోధుమ మచ్చలు రెండు ఇంకా వదల్లేదు. అయినా, ఏ కంకణం తొడుక్కున్నా కన్ను ముందు కంకణం మీదే పడేటట్టు అయ్యాయి. ఆమె కోరుకున్నది అంతే.

జూన్ మొదటి ఆదివారం లైవ్‌లో మళ్లీ ఆదిలక్ష్మి చేతులు కనిపించాయి. మోచేతుల కింద మెత్తటి దిండు పెట్టుకుంది. మానస ఫోన్‌లో ఫిల్టర్ పెట్టబోతే వద్దంది.

"చేతులు భలే ఉన్నాయి ఆంటీ, ఏం వాడారు?" అని ఎవరో అడిగారు.

ఆదిలక్ష్మి చేతిలోని గాజుల జత పక్కన పెట్టింది. క్రీము పేరు చెప్పింది, గ్లవ్స్ సంగతి చెప్పింది, ఫిల్లర్ అని దాచకుండా చెప్పింది. తర్వాత కుడిచెయ్యి లైటు కిందకు జరిపి, మోచేతి మీద ఆపరేషన్ మచ్చ చూపించింది. "ఇప్పుడు అందరూ మీ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండమ్మా. ఒకటి చిక్కిపోయి, ఒకటి బాగుంటే అది వయసు కాదు" అని, కాగితం పరీక్ష ఎట్లా చెయ్యాలో చేసి చూపించింది. పదిహేను నిమిషాలు గడిచాయి. మానస గడియారం చూపించింది. ఆదిలక్ష్మి చూడనట్టే ఉండి చెప్పేది పూర్తిచేసి, అప్పుడు గాజులు తీసుకుంది.

సాయంత్రం ఆరింటికి ఆమె ఫోను మోగింది. గ్లాస్గో నుంచి శేషమ్మ అనే ఆమె. కూతురి దగ్గర ఉంటూ, ముసలివాళ్లను చూసుకునే కేర్‌హోమ్‌లో పని చేస్తోందట. 

"అమ్మా, మీరు చెప్పినట్టు చేసి చూసుకున్నా. నా ఎడమచేతిలోంచి కాగితం జారిపోతాంది. రెండు సంవత్సరాల నుంచి చెయ్యి సన్నబడితే ముసలితనం అనుకున్నా. ఇప్పుడు ఏం చెయ్యాల?"

ఆదిలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను తీసుకుంది.

"భయపడొద్దు శేషమ్మా. ముందు ఒక కాగితం తెచ్చుకో, నేను చెప్పేది రాసుకో. రేపు పొద్దున ఎనిమిదింటికి మీ సర్జరీకి ఫోన్ చెయ్యి. ఎంతసేపు ఆగమన్నా ఫోను మాత్రం పెట్టేయొద్దు. మూడు వారాలంటారు, ఒప్పుకోవద్దు. ఇంగ్లీషులో ఏం చెప్పాలో నేను చెప్తా, నువ్వు ఒకసారి నాకు అప్పజెప్పు. ఊఁ, మొదలుపెడదాం."