గోడలో పెళ్ళాం

శవానికి చర్మం తొడగడం పెద్ద పనేం కాదు. ప్లాస్టిక్ అస్థిపంజరానికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం నాలుగు చుట్లు చుట్టి, వేడిగాలి తగిలిస్తే చాలు. కాగితం ముడుచుకుపోయి ఎముకలకి అతుక్కుంటుంది. పైన తలుపులకి వేసే గోధుమరంగు పాలిష్ రెండుసార్లు పూస్తే నూరేళ్ల నాటి శవం తయారు. ఒక్కోదానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ అక్టోబర్‌లో పదకొండు చేశాను, భోజనాల గిన్నెలు కడగడానికీ పరీక్ష పుస్తకం తెరవడానికీ మధ్య.

పన్నెండోదానికి వేళ్లు అతికిస్తుంటే మా ఆయన కర్ట్ గరాజ్‌లోకి వచ్చాడు. అతని చేతిలో నా చెయ్యి ఉంది.

"డార్లా, ఇది చూడు! బీరువాలో దొరికింది. ఎంత బాగా నప్పుతుందో!"

అది రక్తం తియ్యడం నేర్చుకునే రబ్బరు చెయ్యి. లోపల సన్నటి గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్లు. ఎనిమిది నెలలుగా దానిమీదే సాధన చేస్తున్నాను. ఎడమ చూపుడు వేలితో నరం వెతకాలి, కుడిచేత్తో సూది దించాలి. సూదిదేముంది, ఎవరైనా దించుతారు. ఆ వేలే చదువంతా. కళ్లు మూసుకుని చర్మం మీద వేలు పెడితే, అడుగున మెత్తగా ఎగిరిపడేది ఎక్కడుందో తెలియాలి. నవంబర్ రెండు, గురువారం పొద్దున నా పరీక్ష. పాసైతే ఊళ్లోని రక్తపరీక్షల కేంద్రంలో సోమవారం నుంచి ఉద్యోగం. పంతొమ్మిదేళ్ల కాపురంలో నా పేరు రాసిన బ్యాడ్జీ పెట్టుకుని ఇంట్లోంచి బయటికి వెళ్లడం అదే మొదటిసారి.

"అది నాకు కావాలి, కర్ట్. పరీక్ష ఉంది."

"మంగళవారం ఒక్కరోజే కదా బంగారం! కడిగి ఇచ్చేస్తా." అప్పటికే మోచేతి దగ్గర రంపంతో కోసేశాడు.

మా వీధిలో అందరూ దాన్ని 'కర్ట్ దయ్యాల కొంప' అంటారు. ఏటా అక్టోబర్ ఆఖర్న వచ్చే దయ్యాల పండగకి, హాలోవీన్‌కి, మా ఇంటి ముందు జాగాలో లేస్తుంది. సరుకుల కొట్ల వెనక పడేసిన చెక్క చట్రాలు ఏరుకొచ్చి నిలబెట్టేది అతనే, ఆ మాట కాదనను. వాటికి నల్ల పట్టాలు కుట్టేది నేను. పాత దుప్పట్లు పుట్టీలో ముంచి, గాలికి ఎగురుతున్నట్టు ఆరబెట్టేది నేను. థర్మాకోల్ మీద సమాధి రాళ్లు చెక్కేది నేను. దయ్యాల వేషాలు వేసే పద్నాలుగుమంది ఇరుగుపొరుగుకి బట్టలు సరిచేసేది, ముఖాలకి రంగులేసేది, అంతా అయ్యాక మాంసం, చిక్కుడుగింజలు వేసి పెద్ద గుండిగెడు చిల్లీ వండి పెట్టేది నేను. పోయినేడు పేపరు విలేకరి వచ్చి అడిగితే కర్ట్ నా భుజం తట్టి, "మా ఆవిడ కూడా కాస్త చెయ్యేసింది" అన్నాడు. అది పేపర్లో పడింది. మా అత్తగారు బెవర్లీ దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. "చూశావా, నీ గురించి కూడా రాయించాడు మా వాడు" అంది.

ఈ ఏడు కొత్త గది కట్టాడు. పేరు 'గోడలో పెళ్ళాం'. వంటిల్లులాంటి గది, ఒకవైపు బద్దలైన గోడ. గోడ వెనక మనిషి నిలబడేంత సందు. ముఖానికి ఓ కన్నం, చేతికి ఓ చిన్న కిటికీ. లోపలున్న పెళ్ళాం గరిటె పట్టుకున్న చెయ్యి కిటికీలోంచి చాపి, కాపాడమని ఏడవాలి. చూడటానికొచ్చినవాళ్లు నేలమీది పలక తొక్కగానే పైనుంచి బరువైన చెక్క దభీమని పడుతుంది. అడుగుల చప్పుడు వినగానే ఆమె చెయ్యి లోపలికి లాక్కోవాలి. బయట నా రబ్బరు చెయ్యి తెగిపడుతుంది.

"ఆ చెక్క కింద ఆపుదిమ్మ పెట్టు" అన్నాను చూసిన మొదటిరోజే. "రెండంగుళాల సందు ఉండాలి. లేకపోతే ఎవరి వేళ్లో పోతాయి."

"చేస్తాలే."

వారం తర్వాత మళ్లీ అన్నాను. "చేస్తానన్నాగా! నస పెట్టకు." మూడోసారి అంటే బెవర్లీ అందుకుంది. "వాడు ఇరవయ్యేళ్ల నుంచీ కడుతున్నాడమ్మా. నువ్వు నేర్పాలా?"

మంగళవారం వచ్చింది. సాయంత్రం ఆరింటికి మా ఊరి సైరన్ మోగితే పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయిలకి బయల్దేరతారు, ఎనిమిదింటికి మళ్లీ మోగితే ఇళ్లకి మళ్లుతారు. ఐదున్నరకి కర్ట్ దయ్యాలందర్నీ గరాజ్ ముందు నిలబెట్టి జాగ్రత్తలు చెబుతున్నాడు. నేను వంటింట్లో చిల్లీ అడుగంటకుండా కలుపుతున్నాను. కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. ఏం చెప్పుకుంటున్నారో వినపడలేదు. వినాల్సిన పని కూడా లేదనుకున్నాను. ఏటా చెప్పేదే. ఎవర్నీ ముట్టుకోవద్దు, ముసలివాళ్లని జడిపించొద్దు, నిజంగా ప్రమాదం జరిగితే 'పైనాపిల్' అని అరవండి, లైట్లు వేసేస్తాం. దయ్యాల కొంపలో కాపాడమని ఎంత అరిచినా ఎవరూ నమ్మరు కదా. అందుకని అక్కడ ఎవరూ అనని మాట ఒకటి ఉండాలి. ఆ మాట ఆరేళ్ల కిందట పెట్టింది కూడా నేనే.

ఆరుకి ఐదు నిమిషాలుందనగా కర్ట్ పరిగెత్తుకొచ్చాడు. "మా చెల్లికి జ్వరమట. రాలేనంది. గోడలో నువ్వు నిలబడాలి."

"నేనా? చిల్లీ ఎవరు చూస్తారు?"

"అమ్మ చూసుకుంటుందిలే. ఏడవడమే కదా, నీకు కొత్తా ఏంటి?" కన్ను కొట్టాడు.

"ఆపుదిమ్మ పెట్టావా?"

"డార్లా! బయట నలభైమంది నిలబడి ఉన్నారు!"

సందులోకి దూరాను. పోకిరీ పిల్లలు లాగకుండా వెనక తలుపుకి బయట గడియ పెట్టాడు. సైరన్ మోగింది.

గంటకుపైగా బాగానే గడిచింది. అడుగుల చప్పుడు, చెయ్యి లోపలికి, చెక్క దభీ, కెవ్వున కేకలు. కుడిచేత్తో తాడు లాగి చెక్కని పైకెత్తడం, మళ్లీ చెయ్యి చాపడం. ఏడుపు కూడా సులువుగానే వచ్చింది. ఏడున్నరకి పది నిమిషాలుందనగా పొగ యంత్రం ఒక్కసారిగా బుస్సుమంది. ఏమీ కనపడలేదు. ఇద్దరు పిల్లలు నడిచి రాలేదు, ఒక్కసారిగా పలక మీదికి దూకారు.

చెక్క చప్పుడు ఈసారి వేరేగా వినిపించింది, మెత్తగా.

నొప్పి రావడానికి ఒక క్షణం పట్టింది. వచ్చాక నా నోట్లోంచి వచ్చిన కేక నాకే తెలియని కేక. పిల్లలు నవ్వుతూ పారిపోయారు. కుడిచేత్తో తాడు లాగాను. అది కప్పీలోంచి జారి నా నెత్తిమీద పడింది. ఎడమచెయ్యి చెక్క కింద ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు. ఆ సందులో ఒంటిచేత్తో చెక్కని ఎత్తడం నా వల్ల కాలేదు.

"పైనాపిల్!" అని అరిచాను.

ఎవరూ రాలేదు. స్పీకర్లో గంటలు, గుడ్లగూబలు.

"పైనాపిల్! పైనాపిల్!"

పొగలోంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి ఫోను తీసి ముఖానికి దగ్గరగా పెట్టాడు. "చూడు చూడు, నిజం కన్నీళ్లు! ఈవిణ్ణి ఎక్కణ్ణించి తెచ్చారో!" "సార్, ఇది నిజం. నా చెయ్యి ఇరుక్కుంది. చెక్క ఎత్తండి" అన్నాను. ఆయన పెళ్ళాన్ని మోచేత్తో పొడిచాడు. "మాటలు కూడా రాసిచ్చారు." వాళ్ల వెనకే వచ్చిన కుర్రాళ్లు "పైనాపిల్! పైనాపిల్!" అని నాతోపాటు అరిచి, చప్పట్లు కొట్టి పోయారు. వచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పాను. నిజంగా అన్నాను, దేవుడి మీద ఒట్టు అన్నాను, మా ఆయన పేరు చెప్పి పిలవమన్నాను. నేను ఎంత వివరంగా చెబితే అంత బాగా నటిస్తున్నానన్నారు. అప్పుడొక విచిత్రమైన సంగతి గమనించాను. నాకు ఇది అలవాటే. ఆపుదిమ్మ గురించి మూడుసార్లు చెప్పినప్పుడు కర్ట్ ముఖం ఇలాగే ఉంది. కాన్పు తర్వాత కడుపులో నొప్పి తగ్గట్లేదని బెవర్లీతో చెప్పినప్పుడు ఆవిడ ముఖం ఇలాగే ఉంది. చదువుకుంటానని మొదటిసారి అన్నప్పుడు భోజనాల బల్ల చుట్టూ అందరూ ఇలాగే ముచ్చటగా నవ్వారు. అప్పుడంతా గొంతు సరిగ్గా పెకల్లేదేమో, మాట సరిగ్గా ఎంచుకోలేదేమో అని నన్ను నేనే దిద్దుకుంటూ వచ్చాను. ఇప్పుడు గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాను. ఎంచుకున్న మాట అందరూ ఒప్పుకున్న మాట. అయినా మధ్యలో గోడ ఉంది.

పక్క గదిలోంచి ఎవరో "డార్లా! డార్లా!" అని పిలిచారు. పట్టాలు చిరిగుంటాయి, ఎవరి మీసమో ఊడుంటుంది. చెయ్యి చెక్క కింద ఉండగానే, అలవాటు కొద్దీ, "వస్తున్నా!" అని అరిచాను.

గేటు దగ్గర మిఠాయిలు పంచే బెవర్లీ ఒకసారి లోపలికి తొంగిచూసింది. "బెవ్! చెక్క ఎత్తండి! పైనాపిల్!"

"ఇంకాస్త గట్టిగా అరువమ్మా" అంది. "గేటు దాకా రావట్లేదు."

ఎనిమిదింటికి సైరన్ మోగింది. లైట్లు వెలిగాయి. కర్ట్ పొడుగు టోపీ తీసి విసురుకుంటూ వచ్చాడు. "అదరగొట్టేశావు! ఒక్కొక్కడూ..." చెక్క ఎత్తాడు. నోరు మూతపడింది. వేళ్లు బల్లపరుపుగా ఉన్నాయి, నీలంగా.

"అయ్యో. ఎప్పుడు పడింది?"

"ఏడూ ఇరవైకి."

"చెప్పొచ్చు కదా!" అన్నాడు.

ఐస్ పెట్టుకోమన్నాడు. వేళ్లు కదిలిస్తే కదులుతున్నాయి కాబట్టి విరగలేదన్నాడు. అందరూ ఆకలిమీదున్నారు, తిని వెళ్లాక చూద్దామన్నాడు. వంటింట్లో చిల్లీ అడుగంటి ఉంది. నేను ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని, కుడిచేత్తో పద్నాలుగు గిన్నెల్లోకి వడ్డించాను. గరిటె చేతిలోకి దానంతటదే వచ్చింది.

పక్కింటి నదీన్ గిన్నె చాపుతూ నిష్ఠూరంగా అంది. "ముసుగులో ఊపిరాడక చచ్చిపోయేదాన్ని. రెండుసార్లు పిలిచానే, రాలేదేం?"

"నన్నా? పైనాపిల్ అనాలి కదా."

"అది మార్చేశారుగా! పోయినేడు కుర్రవెధవలంతా పట్టేశారని. సాయంత్రం కర్ట్ చెప్పాడు, పైనాపిల్ అని ఎవరు అరిచినా పట్టించుకోవద్దని. నువ్వు లేవూ?"

"కొత్త మాటేంటి?"

నదీన్ నవ్వింది. "నీ పేరే. 'నిజంగా కష్టమొస్తే డార్లా అని అరవండి, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది' అన్నాడు. బాగుంది కదా? ఎవరూ మర్చిపోరు."

గరిటె గుండిగెలో పెట్టేశాను. అందరికీ ఒక మాట ఉంది. గొంతెత్తి అరిస్తే ఒక మనిషి వస్తుంది. ఆ ఇంట్లో ఆ మాట పిలవాలన్న ఆలోచన రానిది నాకొక్కదానికే. ఒకవేళ ఆ ఆలోచన వచ్చి పిలిచినా, రావాల్సింది నేనే.

తెల్లారేసరికి వేళ్లు నల్లబడ్డాయి. అప్పుడు కర్ట్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో రెండు వేళ్లూ విరిగి ఉన్నాయి. ఆరువారాలు కట్టు. "ఎముక అతుక్కుంటుంది" అన్నాడు డాక్టరు. "చూపుడు వేలి కొసలో స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం." పెన్నుతో కొసమీద గుచ్చాడు. పెన్ను కనిపించింది. ఇంకేమీ తెలియలేదు.

"పరీక్షదేముంది, మళ్లీ ఏడు రాసుకోవచ్చు" అన్నాడు కర్ట్, డాక్టరు వెళ్లాక. "వచ్చే హాలోవీన్‌కి మాత్రం ఆపుదిమ్మ పెట్టేస్తా, ఒట్టు. నిన్నటి వీడియో చూశావా? ఊరంతా చూస్తున్నారు." ఫోను నా ముందు పెట్టాడు. అందులో నా నోరు పెద్దగా తెరుచుకుని ఉంది. శబ్దం తగ్గించి ఉంది.

నర్సు కాగితాలతో వచ్చింది. యాభైయేళ్లుంటాయి, మెడలో కళ్లజోడు. మందులు, అలర్జీలు, పొగతాగడం అన్నీ అడుగుతూ టిక్కులు పెడుతోంది. కాగితం అడుగుకొచ్చి, తలెత్తకుండా, "ఇది అందర్నీ అడిగేదేనండి. ఇంట్లో మీకు క్షేమంగానే ఉందా?" అంది.

కర్ట్ పకపకా నవ్వాడు. "ఊరు మొత్తమ్మీద భయంకరమైన ఇల్లండీ మాది! పేపర్లో కూడా పడింది."

నర్సు మర్యాదకి నవ్వింది. ఆమె పెన్ను 'అవును' గడి మీద ఆగి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎన్నో కాగితాల మీద ఆ గడిలో టిక్కు పెట్టించాను, ప్రశ్న పూర్తి కాకముందే. రాత్రి అరిచి అరిచి గొంతు పోయింది. ఈసారి, ఉన్న కాస్త గొంతుతో, గాలిలా వచ్చిన గొంతుతో అన్నాను.

"ఈయన్ని బయట కూర్చోమనండి. తర్వాత మళ్లీ అడగండి."

ఒక్కసారే అన్నాను. ఆమె పెన్ను పైకి లేచింది.