సింగపూర్‌లో తూటికూర

హనుమకొండ చౌరస్తాలో మోటారు పంపుల దుకాణం నడిపే వెంకట్రాజం భార్య కళావతికి హోటల్ తిండి అంటే ప్రాణం. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు. వంట చేతకాక కాదు. ఆమె పెట్టే పప్పుచారు కోసం నర్సంపేట నుంచి పుట్టింటివాళ్లు పనిగట్టుకుని వచ్చేవాళ్లు. అయినా ఆదివారం పొద్దున వెంకట్రాజం ఆకులో కట్టించి తెచ్చే మసాలా దోసె ముందు తన వంట తనకే చప్పగా అనిపించేది.

డెబ్బై ఆరులో ఒక ఆదివారం ఆమెకు విసుగొచ్చింది. పొట్లం విప్పేసరికి దోసె మెత్తబడి ఆకుకు అంటుకుపోయి ఉంది.

"ఇగో, వచ్చే ఐతారం నేను గూడ వస్త. పెనం మీదికెళ్లి తీసింది తీసినట్టు తింట," అంది.

పక్కనే బియ్యం ఏరుతున్న అత్త పూలమ్మ చేట కింద పెట్టింది. "హోటల్ల ఆడోళ్లు కూసొని తింటరానే?"

"మరి ఫ్యామిలీ రూం ఎవలకోసం పెట్టిండ్లు అత్తమ్మా? నువ్వు గూడ రా, పోదాం."

పూలమ్మ రాలేదు. కళావతి వెళ్లింది. ఫ్యామిలీ రూంలో కర్టెన్ వెనక కూర్చుని, వేళ్లు కాలుతుండగా దోసె విరిచి తింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆమె వెళ్లని ఆదివారాలు చాలా తక్కువ.

ఆమెకు తినడమంటే ఊరికే కడుపు నింపుకోవడం కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగేది. చట్నీలో కొబ్బరి తగ్గించి పుట్నాలు పెంచారని చెప్పేది. బజ్జీల నూనె నిన్నటిదని వాసనతోనే పట్టేసేది. ఒకసారి సాంబారు రెండు చెంచాలు తాగి సర్వర్‌ను పిలిచి, "మాస్టర్ మారిండా?" అని అడిగింది. నిజమే. మాస్టర్ పెళ్లికని ఊరెళ్లాడు, ఆ పూట వండింది అతని తమ్ముడు. సంగతి తెలిసి ఆ తమ్ముడు గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, కర్టెన్ పక్కకు జరిపి ఆమెను చూసిపోయాడు.

"నీకెట్ల తెలుస్తది?" అని వెంకట్రాజం ఆశ్చర్యపోయాడు.

"మోటరు సప్పుడు ఇనంగనే బేరింగు పోయిందని మీకు తెలుస్తలేదా? గట్లనే."

ఎనభై నాలుగులో పంపుల కంపెనీ తమ డీలర్లలో బాగా అమ్మినవాళ్లను భార్యలతో సహా సింగపూర్ తీసుకుపోయింది. వెంకట్రాజం పేరు కూడా వచ్చింది. తోటి డీలర్ల ఇళ్లలో పచ్చడి సీసాలు, కారప్పొడి డబ్బాలు సర్దుతుంటే కళావతి పెట్టెలో చీరలు తప్ప ఏమీ లేవు.

"పరాయి దేశంల ఏం తింటవే?" అని పూలమ్మ దిగులుపడింది.

"అక్కడోళ్లు ఏం తింటాన్లో అదే తింట అత్తమ్మా. వాళ్లు గూడ మనుషులేనాయె, ఫికర్ చెయ్యకు."

తీరా వెళ్లాక కళావతికి నిరాశే ఎదురైంది. కంపెనీవాళ్లు అక్కడే ఒక వంటమనిషిని మాట్లాడి పెట్టారు. ఎక్కడికి వెళ్లినా వెనకే వ్యాన్‌లో పప్పు, ఆలుగడ్డ వేపుడు, చారు. మూడు రోజులు అదే. బస్సు వీధుల్లో పోతుంటే కళావతి అద్దానికి ముఖం ఆనించి చూసేది. పెద్ద పెద్ద రేకుల కప్పుల కింద వరసగా చిన్న చిన్న దుకాణాలు, ఎగిసే మంటలు, ఆవిర్లు, బల్లల చుట్టూ గుంపులుగా తింటున్న జనం. ఇంత దూరం విమానమెక్కి వచ్చి ఆలుగడ్డలు తింటున్నానే అని ఆమెకు ఒళ్లు మండేది.

నాలుగో రోజు శనివారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటినా వ్యాన్ రాలేదు. వంటమనిషికి జ్వరమట. టూర్ మేనేజర్ శ్రీనివాస్‌కు చెమటలు పట్టాయి.

"ఈ పూటకు బ్రెడ్డు, జామ్‌తో సర్దుకోండి," అన్నాడు చేతులు జోడించి.

కళావతి లేచి నిలబడింది. "బ్రెడ్డు దవాఖానల తింటం సారూ. బస్సు గా రేకుల కప్పు దగ్గర ఆపించు. అందరికి నేను చూస్త."

వెంకట్రాజం ఆమె వైపు చూశాడు. ఇరవై నాలుగు మంది, అందులో సగం శాకాహారులు, తెలియని భాష. కానీ ఆమె ముఖంలో బెరుకు కనిపించలేదు. చౌరస్తాలో హోటల్ మెట్లెక్కేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అతనూ లేచాడు.

లోపలికి వెళ్లగానే కళావతి ఏమీ కొనలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిచింది. ప్రతి పొయ్యి దగ్గరా ఆగి, వాసన చూసి, వండేవాళ్ల చేతుల వైపు చూసింది. ఒకచోట తమిళాయన పిండిని గాలిలో తిప్పి దుప్పటిలా పలచగా చేసి, మడతలు పెట్టి పెనం మీద వేస్తున్నాడు. రొట్టె బంగారు రంగుకు తిరగగానే రెండు చేతులతో చరిచి పొరలు విడగొడుతున్నాడు. కళావతి ఆయన పక్కనున్న గిన్నెలు వేలితో చూపించింది.

"పప్పు ఏది?"

"పరుప్పా? ఇదు," అంటూ ఆయన పచ్చటి గిన్నె మూత తీశాడు. కళావతి చెంచాతో కొంచెం రుచి చూసి తల ఊపింది. "ఇది మంచిదే. మాంసం నూనె తగలని పెనం మీద పన్నెండు మందికి రొట్టెలు," అని సైగ చేసి, మాంసం తినేవాళ్లను మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేసింది.

జనగామ డీలర్ రాజేశ్వర్ రావు ఈలోగా అవతలి దుకాణం నుంచి ఒక పళ్లెం తెచ్చుకుని కూర్చున్నాడు. ఆయన శనివారం నీసు ముట్టడు. పళ్లెంలో ఆకుకూర, ఎర్రటి మిరపకాయలు.

"చెల్లే, గిది చూసినవా? మన తూటికూరనే!" అంటూ ముద్ద ఎత్తాడు.

"ఆగన్నా, తినకు!"

అందరూ తలతిప్పి చూశారు. కళావతి పళ్లెం దగ్గరికి వంగి వాసన చూసింది. "ఇండ్ల ఎండు రొయ్యలు కలిసినయి."

"ఒక్క రొయ్యన్న కనవడ్తలేదు గద."

"కనవడదు. నూరి ఏసిండ్లు. నర్సంపేటల మా ఇంటిముందే సంత, కుప్పలు పోసి అమ్మెటోళ్లు. చిన్నప్పటిసంది ఎరికైన వాసనే."

శ్రీనివాస్ వెళ్లి దుకాణం నడిపే చీనా ముసలామెను ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నవ్వి, డబ్బా మూత తీసి గోధుమరంగు ముద్ద ఒకటి చూపించింది. నూరి ఎండబెట్టిన రొయ్యల ముద్దే. రాజేశ్వర్ రావు పళ్లెం దూరంగా నెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

కళావతి ఊరుకోలేదు. డబ్బా చూపించి వద్దని చేయి ఊపింది. వెల్లుల్లి, మిరపకాయలు చూపించి కావాలంది. ముసలామెకు అర్థమైంది. బాణలి కడిగి, పెద్ద మంట మీద కొత్త నూనె పోసి, కూర ఒక్క నిమిషంలో తిప్పి దింపింది. కళావతి మొదటి ముద్ద తిని కళ్లు మూసుకుంది. కాడలు ఇంకా కరకరలాడుతున్నాయి. తను ఇన్నేళ్లూ తూటికూరను మెత్తగా ఉడికించి పాడుచేసిందని ఆ క్షణాన తెలిసింది. మళ్లీ రెండు పళ్లేలు చెప్పించింది.

ఆ పూట ఎవరూ ఆకలితో లేవలేదు. పప్పులో ముంచిన పొరల రొట్టె, చక్కెర అద్దుకున్న రొట్టె, నల్లటి సోయా పులుసు చుక్కలతో వేయించిన బియ్యపు సేమ్యా. చివరగా తెచ్చిన నల్లని జెల్లీ మాత్రం కళావతికి నచ్చలేదు. సబ్బు నమిలినట్టుందని పక్కన పెట్టేసింది. సాయంత్రానికి వంటమనిషి కోలుకున్నాడని కబురొస్తే బస్సులో ఒక్కరూ సంతోషించలేదు.

వెంకట్రాజం టేప్‌రికార్డర్ కొన్నాడు. కళావతి నాలుగు పొట్లాల సన్న బియ్యపు సేమ్యా, రెండు సీసాల నల్ల పులుసు కొంది. హనుమకొండ చేరిన మరుసటి వారమే పెద్ద మంట మీద వేయించి అత్త ముందు పెట్టింది. పూలమ్మ రంగు చూసి ముఖం చిట్లించి, రుచి చూసి, "మిరియాలు చాలలే," అని తీర్పు చెప్పింది. కళావతికి ఆ మాట సబబుగానే తోచింది. అప్పటి నుంచి మిరియాలు రెట్టింపు వేసింది.

రెండేళ్లకు కంపెనీ బ్యాంకాక్ యాత్ర ప్రకటించింది. ఒక మధ్యాహ్నం దుకాణానికి జనగామ నుంచి ఫోన్ వచ్చింది.

"వెంకట్రాజం, చెల్లె వస్తాందా? తను వస్తనే నేను పేరిస్త," అన్నాడు రాజేశ్వర్ రావు.

భర్తకు టిఫిన్ తెచ్చిన కళావతి పక్కనే ఉంది. రిసీవర్ తీసుకుంది.

"వస్తాన్న అన్నా. గని వంటమనిషిని పెట్టద్దని కంపెనోళ్లకు ఇప్పుడే చెప్పు," అంది.