రొయ్యలు ఒలిచే చేతులు

పాలకొల్లు చేపల మార్కెట్లో పదహారేళ్లుగా రొయ్యలు ఒలిచి అమ్ముతున్నాను. ఐసు నీళ్లకి నా చేతులు ఎండగట్టిన చెరువులా బీటలు వారాయి. పక్కన చేపలమ్మే రత్తమ్మ పసుపు రాయమంది. రాస్తే భగ్గుమంది. మా అమ్మాయి గులాబీ వాసన క్రీము తెచ్చింది. దద్దుర్లు లేచాయి. పైగా "రొయ్యలు సెంటు వాసనొస్తున్నాయేంటి?" అని కొనేవాళ్ల గోల. గ్లౌజులు వేసుకుంటే రొయ్యల ముళ్లు గంటలో చింపేశాయి.

విసిగిపోయి చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

"ఖరీదైనవేం వద్దమ్మా. వాసన లేని పెట్రోలియం జెల్లీ పడుకునే ముందు రాసుకో, చాలు," అన్నారాయన. అక్కడిదాకా బాగానే ఉంది. "కానీ ఐసు ముట్టుకోకూడదు. రొయ్యలు ఒలవడం పూర్తిగా మానెయ్యాలి."

"మానేస్తే తినేదేంటండి?" అన్నాను. ఆయన అప్పటికే తర్వాతి పేషెంటును పిలిచేశారు.

ఆదివారం పొద్దున బేరాల హడావిడిలో తలెత్తి చూస్తే, సంచి పట్టుకుని ఆ డాక్టరు గారే! నన్ను గుర్తుపట్టలేదు.

"కిలో రొయ్యలమ్మా. ఒలిచి, నల్ల నరం తీసి ఇవ్వు."

ఒళ్లు మండిపోయింది. నా రెండు చేతులూ ఆయన ముఖం ముందు చాపాను.

"ఈ చేతుల్తోనేనాండి?"

ముఖం చూసి పోల్చుకోలేనాయన చేతులు చూడగానే పోల్చుకున్నారు. గొంతు తగ్గించి, ఎంతో దయగా చెప్పారు.

"నెమ్మదిగానే ఒలిచివ్వమ్మా. నాకేం తొందర లేదు."