పెంటమ్మ నాగరత్నమైన రోజు

మొదటి గంట కొట్టడానికి ఇనప కమ్మీ అందుకుంటూనే పెంటమ్మ ఆఫీసుగది వైపు తొంగిచూసింది. నిడదవోలులో ఓ ఆడపిల్లల హైస్కూల్లో ఆయా ఆమె. పొట్టి మనిషి, పగిలిన మడమలు, నెరిసిన జుట్టుకి బిగించి చుట్టిన చిన్న ముడి. ఆ వేళ మాత్రం పెట్టెలోంచి తీసిన చిలకాకుపచ్చ చీర కట్టుకొచ్చింది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈమెనైనా యముడు అసహ్యించుకుని వదిలేస్తాడని తల్లి సూరమ్మ పెంటకుప్ప మీద దొర్లించి తెచ్చి ఆ పేరు పెట్టింది. బిడ్డ దక్కింది. కానీ బడిలో చేరిన ప్రతి కొత్త పిల్లా ఆ పేరు విని ముక్కు మూసుకునేది.

పంతొమ్మిదివందల డెబ్భయ్యేడులో నాగరత్నమని మార్చుకోవడానికి సిద్ధపడింది. ప్రమాణపత్రం రాయించింది, పేపర్లో ప్రకటన వేయించింది. అన్నీ చూసి బడి గుమాస్తా జోగేశ్వరరావు, “గెజిట్‌లో పడాలి. అప్పటిదాకా రికార్డులో నువ్వు పెంటమ్మవే,” అన్నాడు. ఇంట్లో తల్లికి మరో భయం. “ఆ పేరు తీసేస్తే యముడి కళ్ళు నీమీద పడతాయే!”

రెండేళ్ళకు, నిన్ననే, గెజిట్ వచ్చింది.

రెండో పీరియడ్‌లో పిలుపొచ్చింది. జోగేశ్వరరావు సర్వీసు రిజిస్టరు ఆమెవైపు తిప్పాడు. పాత పేరు మీద ఎర్రసిరా గీత, పైన కొత్త పేరు.

“ఇక్కడ సంతకం పెట్టు...” అని ఆగి, “పెట్టండి నాగరత్నం గారూ,” అన్నాడు.

‘త్న’ దగ్గర కలం జారింది.

“బాగానే వచ్చిందాండీ?”

“బ్రహ్మాండంగా వచ్చింది.”

కబురు తరగతులన్నిటికీ పాకింది. మధ్యాహ్నం పంపు దగ్గర ఆరో తరగతి పిల్లలు పనిలేకపోయినా “నాగరత్నమ్మా!” అని కేకేసి పరిగెత్తారు. పిలిచినప్పుడల్లా నాగరత్నం “ఓయ్!” అంది. ఆఖరి గంట కాస్త ముందే మోగిందని టీచర్లు నవ్వుకున్నారు.

పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. గుమ్మంలో సూరమ్మ కూర్చునుంది.

“అమ్మా, ఒప్పేసుకున్నారే! గారూ అని కూడా అన్నారే!”

ముసలామె కూతురి మొహంలోకి చూసింది. బోసినోరు విచ్చుకుంది.

“నాగరత్నం,” అని పిలిచి చూసుకుంది. “బానే ఉందే. ఆ యముడొస్తే గుమ్మంలో నేనుంటాగా. నన్ను దాటి రావాలి. పోయి కాసిని కాఫీ పెట్టు.”

పొయ్యి ఊదుతూ, దగ్గుతూ, నాగరత్నం లోపల్నుంచే బడి సంగతులన్నీ గడగడా చెప్పుకుపోయింది. గ్లాసు పట్టుకొచ్చేసరికి సూరమ్మ ద్వారబంధానికి తలానించి ఉంది. పిలిస్తే పలకలేదు.

ఆమె ఒడి పక్కన ఆకూ వక్కా దంచుకునే చిన్న ఇనప రోలుంది. అందులో సగం నలిగిన తమలపాకు ఇంకా పచ్చగానే ఉంది.