భుజం దిగని సంచి

మీ ఇంట్లో పాప డైపర్ల సంచి ఈ క్షణాన ఎవరి భుజం మీద ఉంది? తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోందని మాత్రం చెప్పకండి. అది కొక్కేలకి వేలాడే రకం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే, ఒక ఇంటి సంగతి చెబుతాను.

ఆమె గడియారాలు బాగుచేస్తుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగుని పట్టకారుతో ఎత్తి దాని చోట కూర్చోబెట్టగల వేళ్లు ఆమెవి. నెలలు నిండుతుండగా భార్యాభర్తలిద్దరూ సంచి కొనడానికి వెళ్లారు. ఆమెకి ఆవపువ్వు రంగుది నచ్చింది. తడి గుడ్డలకి చుక్క కారని అర, పొడి గుడ్డలకి వేరే అర, ఒంటిచేత్తో తెరుచుకునే జిప్పు. వస్తువు ఇట్టే కనబడేలా లోపల తెల్లటి అస్తరు.

"నలుపు తీసుకోండి మేడం," అన్నాడు అమ్మేవాడు. "నలుపైతే సార్ కూడా మోస్తారు. పసుపైతే మొహమాటపడతారు."

"అదీ నిజమే," అన్నాడు భర్త.

నలుపే కొన్నారు.

ఇలాంటి సంచుల సంగతి అందరికీ తెలిసిందే. ఎక్కిన భుజం నుంచి అవి దిగవు. మోసేవాళ్లు తమంతట తాము తీస్తే రావు. ఇంకొకరు తీయాలి, అదీ ఇటు వీళ్లు తియ్యమనకుండా, అటు వాళ్లు తియ్యనా అనకుండా తీయాలి. అడిగి తీయించుకున్న సంచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి అదే భుజం మీద వాలుతుంది. జిప్పుకి గ్యారంటీ ఎన్నాళ్లో చెప్పినట్టే ఆ మాట కూడా చెప్పి బిల్లు చేతిలో పెట్టాడు అమ్మేవాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజు "ఒక్క నిమిషం పట్టుకో, కారు తెస్తాను" అని భర్త చేతిలో పట్టుకున్న సంచిని ఆమె భుజానికి తగిలించాడు. కారు వచ్చింది. ఆ నిమిషం మాత్రం అవలేదు.

ఆమె సంచితోనే వండింది, సంచితోనే పడుకుంది. స్నానానికి వెళ్లేటప్పుడు దానికొక ప్లాస్టిక్ కవరు తొడిగేది. ఇంటికొచ్చిన వాళ్లు పాపని చూసి, సంచిని చూసి, "పాప మీ ఆయన పోలిక" అని వెళ్లిపోయేవాళ్లు.

గుడ్డ డైపర్లే వాడాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. వాడి పారేసేవి మన మునిమనవళ్ల కన్నా ఎక్కువ కాలం బతుకుతాయని ఉపన్యాసమిచ్చింది భర్తే. కానీ గుడ్డ డైపరంటే ఉపన్యాసం కాదు. కొత్తవి నాలుగైదు ఉతుకులు పడితే తప్ప తడి పీల్చవు. విప్పినదాన్ని వెంటనే కుళాయి కింద జాడించాలి. ముందు చన్నీళ్లలో తిప్పాలి, తర్వాత వేడినీళ్లలో. లోపలి గుడ్డలు ఎండలో వేస్తే పచ్చ మరక దానంతటదే పోతుంది. పై కవర్లు మాత్రం నీడనే ఆరాలి. ఇదంతా ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టి అది ఆమె పనైంది.

భర్త ఒక్కసారి ఉతికాడు. పాప ఒంటికి మెత్తగా ఉండాలని, బట్టలు మెత్తబడటానికి పోసే వాసన ద్రవం ధారాళంగా పోశాడు. గుడ్డలు పువ్వుల్లా వచ్చాయి. ఒక్క చుక్క పీలిస్తే ఒట్టు. తామరాకు మీద నీళ్లలా అంతా జారిపోయి పాప తడిసింది, పక్క తడిసింది, అతని ఆఫీసు చొక్కా తడిసింది. ఆమె వాటన్నిటినీ మరగబెట్టి, మళ్లీ మళ్లీ ఉతికి దారికి తెచ్చుకుంది.

"ఇంక నువ్వు వద్దులే," అంది.

పెళ్లయ్యాక ఆమె చెప్పిన మాటల్లో అతను పొల్లుపోకుండా పాటించింది అదొక్కటే.

"నాకు రాదు కదా. ఏం కావాలో చెప్పు, సాయం చేస్తా," అనేవాడు. సాయం చేస్తానన్నవాడు ఆ పని తనది కాదని ముందే చెప్పేసినట్టు. ఈ చిన్న తర్కం అతనికి తట్టలేదు. వాదించే ఓపిక ఆమెకి లేదు.

ముందు భుజం తిమ్మిరెక్కింది. తర్వాత మోచేయి, ఆ తర్వాత వేళ్లు. అక్కడితో ఆగితే బాగుండేది. పాప మొదటిసారి నవ్వినప్పుడు నవ్వింది అని తెలిసింది, అంతే. అన్నంలో ఉప్పు లేకపోతే లేదు అని తెలిసేది. ఏడుపు రాలేదు. కోపమైనా రావాల్సింది అంటాను నేను. ఆమెకి అదీ రాలేదు.

పాపనీ సంచినీ వేసుకుని ఒకరోజు తను పనిచేసే గడియారాల దుకాణానికి వెళ్లింది. యజమాని పాపని ఎత్తుకుని కుర్చీ చూపించాడు. ఆమె పట్టకారు అందుకుంది. స్ప్రింగు జారిపోయింది. పట్టకారు ఖాళీ అయిందని కూడా ఆమెకి తెలియలేదు.

"చెయ్యి ఎక్కడ పెట్టొచ్చావమ్మా?" అన్నాడు ఆయన.

"ఇక్కడే ఉంది బాబాయ్. తెలియట్లేదు."

ఆయన కాసేపు పాప జుట్టు సర్దాడు. "సోమవారం దాకా చూస్తాను. ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆగిపోయిన గడియారాలకే తొందరెక్కువ."

ఆమె సరేనంది. ఆ కుర్చీ పోతే తనకంటూ మిగిలేది ఆ సంచేనని తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు.

ఆదివారం పొద్దున అత్త వచ్చింది. అత్త భుజానికీ ఒక సంచి ఉంది. రంగు వెలిసిన గళ్ల గుడ్డ సంచి. అందులో ఏమీ లేదు. కొడుకు పొత్తిగుడ్డలు ఎప్పుడో పీలికలైపోయాయి. ఆ సంచితోనే ఆవిడ ఉద్యోగం చేసింది, రిటైరైంది, కొడుకు పెళ్లి ఫోటోలో నవ్వుతూ నిలబడింది. అమ్మ ఆకారమే అంత అనుకున్నాడు కొడుకు.

ఇద్దరూ డాబా మీద గుడ్డలు ఆరేస్తున్నారు. అత్త ఎడమచేత్తోనే వేస్తోంది. కుడిచెయ్యి ఛాతీ దాటి లేవదు.

"ఆ కవరు నీడనెయ్యి అమ్మాయ్. ఎండకి రబ్బరు చచ్చిపోతుంది."

"తెలుసత్తయ్యా."

"తెలుసని ఎవరితోనూ అనకు. నేనూ ఒకప్పుడు అలాగే అని ఇరుక్కున్నాను."

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"నొప్పెక్కడిదే, ఎప్పుడో మానేసింది. మొదట్లో తిమ్మిరనుకున్నాను. తర్వాత అసలు నాదే కాదనుకున్నాను." అత్త క్లిప్పు పెట్టి నవ్వింది. "మీ మామగారు పోయే ముందు అడిగారు, అదేంటే నీ భుజం మీద అని."

కోడలు తలతిప్పి చూసింది. ఇన్నేళ్లలో ఆ సంచిని సంచిగా చూడటం అదే మొదలు. ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత ఇదే తీగ దగ్గర ఎడమచేత్తో గుడ్డలేస్తున్న తనూ కనబడింది. ఏమీ అడగలేదు. స్పర్శ లేని ఆ చేత్తోనే పట్టీ పట్టుకుని లాగింది. అది ఒంటికి అతుక్కుపోయి ఉంది. పాత సీసా మీది చీటీలా మెల్లగా ఊడి వచ్చింది.

అత్త ఒకపక్కకి ఒరిగి, నిలదొక్కుకుంది. కుడిచెయ్యి దానంతటదే లేచింది. కింది తీగ దాటింది, పై తీగ దాటింది, అక్కడ పట్టుకోవడానికేమీ లేకపోయినా ఇంకా లేచింది. ఆవిడ దాన్ని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది.

అప్పుడే భర్త పాపతో పైకొచ్చాడు. "ఏడుస్తోంది, కాస్త దీన్ని పట్..." అని ఆగిపోయాడు. తల్లి భుజం మీద అరచేయంత గుంట. చిన్నప్పుడు అతను తలపెట్టుకుని నిద్రపోయిన చోటు. మా అమ్మ భుజం నా తలకి కొలిచి చేసినట్టుండేదని భార్యకి ఎన్నిసార్లు చెప్పాడో.

"అమ్మా, అది..."

"అదేరా. పుట్టుకతో వచ్చింది కాదు. పట్టీ తవ్వింది."

అతను పాపని తల్లికిచ్చాడు. ఆవిడ రెండు చేతులతో అందుకుంది. అతను భార్య వెనక్కొచ్చి నిలబడ్డాడు. 'తియ్యనా' అనడానికి నోరు తెరిచాడు. తల్లి చూసిన చూపుకి మూసుకున్నాడు. పట్టీ ఎత్తాడు. నల్ల సంచి చడీచప్పుడూ లేకుండా వచ్చేసింది. దాన్ని తన భుజానికి వేసుకున్నాడు.

మిగిలిన గుడ్డలు ఆరేయడం మొదలుపెట్టాడు. ఒక కవరుని ఎండలో వేశాడు. భార్య చూసింది. నువ్వు వద్దులే అనలేదు. అతనే తీగంతా ఒకసారి చూసుకుని దాన్ని నీడకి మార్చాడు.

ఆమె వేళ్లలో చీమలు పాకాయి. తర్వాత మంట, ఆ తర్వాత నొప్పి. పాప అత్త చెవి పట్టుకుని గుంజుతోంటే, ఎందుకో తెలియకుండా ఆమె పెదవులు సాగాయి.

సోమవారం ఆ కుర్చీలో ఆమే కూర్చుంది. స్ప్రింగు దాని చోట కూర్చుంది, ముల్లు కదిలింది, ఆ అదురు వేలికొసకి తెలిసింది. పాప అత్త దగ్గర ఉంది, సంచి అతనితో ఆఫీసుకి వెళ్లింది. నలుపు అతని చొక్కాలన్నిటికీ నప్పుతుందట. సాయంత్రం అతను గుమ్మంలోకి రాగానే, అతను అడక్కముందే, ఆమె తీసుకుంది. పొద్దున మళ్లీ అతను తీశాడు. గళ్ల సంచి మాత్రం వాళ్ల తలుపు వెనక కొక్కేనికి ఉంది. కొక్కేనికి వేలాడటం నేను చూసిన సంచి అదొక్కటే.

కథ అయిపోయింది, ఇంక మీరు లేవండి. మీ ఇంట్లో ఏ భుజం ఒకపక్కకి వంగి ఉందో చూడండి. పెళ్లామా, తల్లా, అక్కా అని ఎంచకండి. తియ్యనా అని అడక్కండి. వెళ్లి తీయండి.